డిసెంబరు పోస్టర్లతో ఆగిపోకండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంధన శాఖ మంత్రులకు, రెండు రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ మండళ్ళ అధ్యక్షులకు, విద్యుత్ పంపిణీ సంస్థల (డిస్కంల) సీఎండీలకు,

ఏటా డిసెంబరు 14న మీరు జాతీయ ఇంధన పొదుపు దినోత్సవం జరుపుతారు. ఆ వారమంతా ర్యాలీలు, బడిపిల్లలకు వ్యాసరచన పోటీలు, కూడళ్ళలో ఫ్లెక్సీలు. గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు లైటు ఆర్పండి, ఫ్యాను కట్టేయండి అని రాసి ఉంటుంది. అప్పటికి చలికాలం. సగం ఇళ్ళలో ఫ్యాన్లు తిరగనే తిరగవు. ఏప్రిల్ వచ్చేసరికి ఆ ఫ్లెక్సీలు చిరిగిపోతాయి. మాకు కరెంటుతో అసలు పని పడేది అప్పుడే.

ఆ సలహాల్లో తప్పేమీ లేదు. వాటిని పాటించని ఇల్లు మా వీధిలో దాదాపు లేదు కూడా. గ్యాసు బండ ఎన్నాళ్ళు వస్తుందో, నెలాఖరుకు కరెంటు బిల్లు ఎంత అవుతుందో వేళ్ళ మీద లెక్కపెట్టుకునే ఆడవాళ్ళకు లైటు ఆర్పమని ఎవరూ చెప్పక్కర్లేదు. స్విచ్ కట్టేస్తే మిగిలే కరెంటును మేం ఎప్పుడో మిగుల్చుకున్నాం. ఇక మిగలాల్సింది ఏ ఫ్యాను ఏ ధరకు దొరుకుతుంది, బిల్లు మీద ఏం రాసి ఉంటుంది, ఇంటి కప్పు ఎలా ఉంటుంది అన్నవాటి మీద ఆధారపడి ఉంది. ఈ మూడింటినీ మార్చగలిగింది మీరే. అందుకే ఈ లేఖ.

ఈ పని ఎలా చేయాలో మీకు తెలుసు. ఒకసారి చేసి చూపించారు. 2014లో గుంటూరు, అనంతపురం, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి జిల్లాల్లో పాత ఫిలమెంటు బల్బులు తీసుకుని, బల్బుకు పది రూపాయల చొప్పున ఇంటికి రెండు ఎల్ఈడీ బల్బులు ఇచ్చారు. మరుసటి ఏడాది జనవరి 5న కేంద్రం దాన్నే దేశమంతటికీ తీసుకువెళ్ళింది, తర్వాత దానికి ఉజాలా అన్న పేరు వచ్చింది. 60 వాట్ల బల్బు ఉన్నచోటికి ఏడు, తొమ్మిది వాట్లది వచ్చింది. ప్రభుత్వం తరఫున ఈఈఎస్ఎల్ అనే సంస్థ ఒకేసారి కోట్ల లెక్కన కొనడంతో 2014లో 310 రూపాయలున్న బల్బు కొనుగోలు ధర 2016 నాటికి 38 రూపాయలకు దిగింది. ఇప్పటికి ఆ పథకం కింద ఇచ్చినవి 36 కోట్లు దాటాయి. ఇవాళ పల్లెలో కిరాణా కొట్టుకు వెళ్ళి బల్బు అడిగితే ఎల్ఈడీయే ఇస్తారు. పాత బల్బు కావాలన్నా దొరకడం కష్టం. దీనికోసం ఎవరికీ ఉపన్యాసాలు ఇవ్వాల్సిన పని పడలేదు. మంచి వస్తువు చవకగా దొరికింది, చెడ్డది అంగట్లోంచి తప్పుకుంది. ఒకేసారి డబ్బు కట్టలేనివాళ్ళు నెలకు పది రూపాయల చొప్పున కరెంటు బిల్లులోనే కట్టుకునే వీలు కూడా చాలాచోట్ల కల్పించారు. ఆ పద్ధతి మిగతా వస్తువుల దాకా ఎందుకు రాలేదని అడుగుతున్నాను.

మొదటిది ఫ్యాను. మన ఇళ్ళలో ఫ్యాను లేని గది ఉండదు. ఏసీ లేని ఇల్లు ఉంటుంది, ఫ్రిజ్ లేని ఇల్లూ ఉంటుంది. ఫ్యాను మాత్రం రేకుల షెడ్డులోనైనా ఒకటి తిరుగుతుంటుంది. ఫిబ్రవరి నుంచి అక్టోబరు దాకా దానికి విశ్రాంతి ఉండదు. మామూలు సీలింగ్ ఫ్యాను 70 నుంచి 80 వాట్లు తీసుకుంటుంది. బీఎల్‌డీసీ అనే కొత్త రకం మోటారు ఉన్న ఫ్యాను దాదాపు అంతే గాలిని ముప్ఫై వాట్ల దగ్గర ఇస్తుంది. ఒక్క ఫ్యాను రోజుకు పదిహేను గంటలు తిరిగితే, 45 వాట్ల తేడా వేసుకున్నా, నెలకు ఇరవై యూనిట్లు మిగులుతాయి. మూడు ఫ్యాన్లున్న ఇంట్లో అరవై. గదిలోంచి బయటికి వచ్చిన ప్రతిసారీ తొమ్మిది వాట్ల బల్బు ఆర్పి ఇంత మిగల్చడం ఎవరివల్లా కాదు.

మరి జనం ఎందుకు కొనడం లేదు? ధర ఒక కారణం. మామూలు ఫ్యాను పదిహేను వందలకు దొరికే చోట ఇది రెండున్నర వేలు, మూడు వేలు. దుకాణదారు మొదట చూపించేది చవకదే. రెండో కారణం మీ కార్యాలయాల దాకా వచ్చినట్టు లేదు, వచ్చి ఉంటే ఈపాటికి దానికేదో ఏర్పాటు జరిగేది. పాత ఫ్యాను మెల్లగా తిరుగుతోందంటే వీధి చివర ఎలక్ట్రీషియన్ వచ్చి కెపాసిటర్ మారుస్తాడు. వంద రూపాయల్లో పని అయిపోతుంది. కాలిపోతే వైండింగ్ షాపులో ఇస్తారు, రెండు రోజుల్లో తిరిగి వస్తుంది. బీఎల్‌డీసీ ఫ్యాను ఆగిపోతే ఆ ఎలక్ట్రీషియన్ పైకెక్కి, మూత విప్పి చూసి, లోపల బోర్డు ఉందమ్మా, ఇది మాకు రాదు అని దిగిపోతాడు. బోర్డు కోసం కంపెనీకి ఫోన్ చేయాలి. చిన్న ఊళ్ళో ఆ మనిషి ఎప్పుడొస్తాడో తెలియదు. మే నెలలో నాలుగు రోజులు ఫ్యాను లేకుండా పసిపిల్లతో ఆ గదిలో పడుకోవాల్సిన తల్లి మళ్ళీ పాత రకమే కొంటుంది. ఆమె లెక్క ఆమెకుంది, ఆ లెక్క సరైనదే.

అందుకని ధర తగ్గించడంతో పాటు బాగుచేసేవాళ్ళను తయారుచేయండి. ఐటీఐల్లో ఎలక్ట్రీషియన్ ట్రేడు పిల్లలకు ఈ మోటారు విప్పడం, బోర్డు పరీక్షించడం, మార్చడం నేర్పించండి. వైండింగ్ షాపులవాళ్ళకు మండల కేంద్రాల్లో శిక్షణ ఇవ్వండి. లేకపోతే వాళ్ళ బతుకుదెరువు పోతుంది, మా ఫ్యాన్లు మూలన పడతాయి. మీ పథకం కింద కొనే ఫ్యాన్లకు బోర్డు అయిదేళ్ళపాటు మండల స్థాయిలో దొరకాలన్న షరతు టెండరులోనే పెట్టండి. ఇంకో మాట. మన ఊళ్ళలో ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, లైను చివర ఉన్న ఇళ్ళకు వేసవి సాయంత్రాల్లో వోల్టేజీ పడిపోతుంది. పాత ఫ్యాను అప్పుడు ఈడ్చుకుంటూ తిరుగుతుంది. బీఎల్‌డీసీ ఫ్యాను వోల్టేజీ తగ్గినా చాలావరకు అదే వేగంతో తిరుగుతుంది. ఈ సంగతి ఒక్కటి చెప్పినా పల్లెల్లో జనం దాన్ని అడిగి మరీ కొంటారు. ఏ ఫ్లెక్సీ మీదా ఇది రాసినట్టు నేను చూడలేదు.

2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది. అదే ఏడాది నవంబరులో కోటి ఫ్యాన్లు అందించే లక్ష్యంతో ఈఈఎస్ఎల్ ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. దేశం మొత్తానికి కోటి ఫ్యాన్లు. మన రెండు రాష్ట్రాల ఇళ్ళలో తిరిగేవి లెక్కేసినా అంతకు ఎన్నో రెట్లు ఉంటాయి.

ఈ ఫ్యాన్ల ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న ప్రశ్నకు నా దగ్గర ఒక లెక్క ఉంది. దయచేసి ఓపికగా చూడండి. తెలంగాణలో గృహజ్యోతి కింద తెల్ల రేషన్ కార్డున్న ఇళ్ళకు 2024 మార్చి నుంచి 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు వస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 200 యూనిట్ల దాకా ఉచితం. నేను ఆ పథకాలకు వ్యతిరేకిని కాను. ఎండాకాలం రాత్రి ఫ్యాను వేసుకోవడానికి భయపడే ఇల్లు ఉండకూడదు. కానీ ఆ ఇంట్లో ఫ్యాను మారి నెలకు ఇరవై యూనిట్లు మిగిలితే ఆ ఇంటికి ఒక్క రూపాయి కూడా మిగలదు. మిగిలేది ఆ సబ్సిడీ కడుతున్న ఖజానాకు. ఏడాదిలో తొమ్మిది నెలలు వేసుకుంటే 180 యూనిట్లు. యూనిట్‌కు ఆరు రూపాయలే అనుకున్నా వెయ్యీ ఎనభై రూపాయలు. మూడు వేల ఫ్యాను మూడేళ్ళు నిండకముందే తన ధరను ప్రభుత్వానికి తిరిగి ఇచ్చేస్తుంది. ఆ తర్వాత అది తిరిగినన్నాళ్ళూ మీకు లాభమే. లాభం ఎవరిదో పెట్టుబడి వాళ్ళు పెట్టడం న్యాయం. సున్నా బిల్లు వచ్చే ప్రతి ఇంటికీ పాత ఫ్యాను తీసుకుని కొత్తది ఉచితంగా ఇవ్వండి. తీసుకున్న పాత ఫ్యాన్లను తుక్కుకు పంపండి. సెకండ్ హ్యాండ్ దుకాణాల్లో పడితే అవి ఇంకో పేద ఇంట్లోనే మళ్ళీ తిరుగుతాయి. బిల్లు కట్టే ఇళ్ళకు మాత్రం వాయిదాలు చాలు. బల్బుకు చేసినట్టే నెలకు వంద చొప్పున బిల్లులో కలపండి.

ఇక బిల్లు దగ్గరికి వస్తాను.

మా కింద వాటాలో బట్టలు కుట్టే ఆవిడ ఒకరున్నారు. భర్త ఆటో నడుపుతారు, ఇద్దరు పిల్లలు. వాళ్ళది గృహజ్యోతి ఇల్లు. రీడింగ్ తీసే రోజు దగ్గర పడుతోందంటే రాత్రి పిల్లలు పడుకున్నాక ఆవిడ మెట్ల కింద ఉన్న మీటరు పెట్టె దగ్గరికి వెళ్తారు. చీకట్లో ఫోను టార్చి వేసి అద్దంలోంచి చూస్తారు. అంకెలు ఒకదాని వెంట ఒకటి మారిపోతుంటాయి. తేదీ వస్తుంది, టైము వస్తుంది, వోల్టేజీ వస్తుంది, ఇంకేవో వస్తాయి. వాటి మధ్య కేడబ్ల్యూహెచ్ అన్న ఇంగ్లీషు అక్షరాలతో వచ్చే అంకే యూనిట్లని వాళ్ళ పెద్దబ్బాయి చెప్పాడట. అది కనిపించేదాకా నిలబడి, చేతి మీద పెన్నుతో రాసుకుని, ఇంట్లోకి వచ్చి పోయిన నెల బిల్లులోని రీడింగ్ తీసేస్తారు. 200కు దగ్గరగా ఉంటే ఇస్త్రీ ఆపేస్తారు. కుట్టుమిషను మోటారు తీసి కాలితో తొక్కుతారు. ఎండ ముదిరిన నెలల్లో పగలు ఫ్యాను కూడా కట్టేసి అరుగు మీద కూర్చుని కుట్టడం నేను చూశాను.

ఆవిడ భయం ఊరికే పుట్టలేదు. తెలంగాణలో ఇప్పుడున్న టారిఫ్ చూడండి. నెలకు వంద దాటి 200 యూనిట్ల దాకా వాడే ఇంటికి మొదటి వంద యూనిట్లకు 3 రూపాయల 40 పైసలు, తర్వాతి వందకు 4 రూపాయల 80 పైసలు. మొత్తం 820 రూపాయలు. ఒక్క యూనిట్ ఎక్కువై 201 అయితే ఇల్లు పై తరగతిలోకి పోతుంది. అప్పుడు మొదటి యూనిట్ నుంచీ 5 రూపాయల 10 పైసల చొప్పున, ఆ చివరి యూనిట్‌కు 7 రూపాయల 70 పైసలు. మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ధర 207 రూపాయల 70 పైసలు పడింది. అదే గృహజ్యోతి ఇల్లయితే 200 దగ్గర సున్నా. 201 దగ్గర ఎనర్జీ ఛార్జీయే వెయ్యి దాటుతుంది, మిగతా ఛార్జీలు దాని మీద అదనం. ఆంధ్రప్రదేశ్‌లో ఇలా తరగతి మొత్తం మారిపోదు. కానీ అక్కడా 225 యూనిట్లు దాటాక యూనిట్ ధర 6 రూపాయల నుంచి 8 రూపాయల 75 పైసలకు ఎక్కుతుంది.

శ్లాబులు ఎత్తేయమని నేను అడగడం లేదు. తక్కువ వాడేవాళ్ళకు తక్కువ ధర ఉండాలి. గీత ఎక్కడుందో, దానికి ఎంత దూరంలో ఉన్నామో గీత దాటకముందే మాకు చెప్పమని అడుగుతున్నాను. బిల్లు వచ్చాక తెలిస్తే ఎవరు మాత్రం ఏం పొదుపు చేయగలరు? ప్రతి కనెక్షన్‌కూ ఫోను నంబరు మీ దగ్గర ఉంది. బిల్లు కట్టలేదని దానికే మెసేజీ పంపుతారు. స్మార్ట్ మీటరు ఉన్న ఇంటికైతే 150 యూనిట్లు దాటగానే తెలుగులో ఒక మెసేజీ పంపడం ఎంతసేపు? స్మార్ట్ మీటర్లంటే జనంలో ఉన్న భయం, అది డిస్కం కోసమే పనిచేస్తుంది, మా కోసం కాదు అన్నదే. ఆ మీటరు మొదట ఇంటివాళ్ళకు ఉపయోగపడి చూపిస్తే సగం భయం అదే పోతుంది. పాత మీటరున్న ఇళ్ళకు కనీసం బిల్లు కింద పెద్ద అక్షరాలతో ఒక వాక్యం అచ్చు వేయండి: వచ్చే నెల రీడింగ్ ఫలానా అంకె దాటితే మీ రేటు మారుతుంది. ఆ అంకెను చూసుకుంటే చాలు, ఎవరూ తీసివేతలు చేయక్కర్లేదు. పోయిన ఏడాది ఇదే నెలలో ఎన్ని యూనిట్లు వాడారో కూడా దాని పక్కన రాయండి.

అద్దె ఇళ్ళ సంగతి వేరేగా చెప్పాలి. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఒకే మీటరు మీద మూడు వాటాలు నడిచే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఓనరు సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు పది రూపాయల చొప్పున వసూలు చేస్తారు. ఆ కుటుంబాలకు ఉచితమూ లేదు, తక్కువ శ్లాబూ లేదు. ఒక్కొక్కరు డెబ్బై యూనిట్లు వాడినా మీటరు మీద 210 కనిపిస్తుంది. వాటాకో మీటరు ఇప్పించడం సులభం చేయండి. ఎవరి మీటరు వాళ్ళకు లేనిచోట పొదుపు మాట ఎత్తడంలో అర్థం లేదు.

మూడోది కప్పు. నా ఉద్దేశంలో దీన్ని మించింది లేదు, అయినా ఇంధన శాఖ దాన్ని తన పని అనుకోవడం తక్కువ.

మన పెంకుటిళ్ళకు, మండువా లోగిళ్ళకు ఎత్తయిన కప్పు, గాలి ఆడే దారి ఉండేవి. ఇప్పుడు కట్టేది నాలుగైదు అంగుళాల సిమెంటు స్లాబు. పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం దాకా ఎండ నేరుగా దాని మీదే పడుతుంది. మే నెల మధ్యాహ్నం దాని పైభాగం 60 డిగ్రీలు దాటుతుంది. సిమెంటు ఆ వేడిని మెల్లగా లోపలికి పీల్చుకుని, పొద్దుగూకాక మెల్లగా కిందికి వదులుతుంది. అందుకే పై అంతస్తులో ఉండేవాళ్ళకు బయట చల్లగాలి మొదలైన రాత్రి పదింటికి కూడా గది పొయ్యి మీది నుంచి దించిన పెనంలా ఉంటుంది. ఫ్యాను వేస్తే ఆ వేడిగాలినే కిందికి తోస్తుంది. జనం నిద్ర పట్టక డాబా మీదికి పోతారు, అప్పు చేసి కూలరు కొంటారు, ఆ తర్వాత వాయిదాల మీద ఏసీ కొంటారు. ఏసీ రాత్రంతా పోరాడేది గాలితో కాదు, పగలు ఎండ తాగిన ఆ స్లాబుతో. రేకుల ఇళ్ళు ఇంకా ఘోరం. రాత్రికి తొందరగా చల్లబడతాయి గానీ పగలు వాటి కింద ముసలివాళ్ళు, పసివాళ్ళు ఉండగలిగే పరిస్థితి ఉండదు.

స్లాబు తెల్లగా ఉంటే పడిన ఎండలో చాలా భాగం తిరిగి ఆకాశంలోకే పోతుంది. దీనికి పెద్ద సాంకేతికత ఏమీ అక్కర్లేదు. డాబా శుభ్రంగా ఊడ్చి కడిగి, నానబెట్టిన సున్నంలో కాస్త జిగురు కలిపి, చీపురుతోనో బ్రష్షుతోనో రెండు పూతలు వేస్తే చాలు. వానలకు అది కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేసుకోవాలి. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందంటారు కదా, సరిగ్గా ఆ వారంలో వేస్తే వేసవంతా పనిచేస్తుంది. ఖర్చు పెట్టగలిగినవాళ్ళకు కొన్నేళ్ళు నిలిచే కూల్ రూఫ్ పెయింట్లు, తెల్ల టైల్సు ఉన్నాయి. 2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో పాతిక చిన్న ఇళ్ళ మీద ఎండను తిప్పికొట్టే తెల్లటి పొరలు పరిచి చూశారు. లోపలి గాలి సగటున రెండు డిగ్రీలు చల్లగా ఉంది. పొరుగు దేశాల కథ చెప్పడం లేదు, మన బస్తీలోనే తేలిన విషయం.

2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. దేశంలో ఒక రాష్ట్రం ఇలాంటి విధానం తేవడం అదే మొదలు. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులు చల్లబరచాలని, అందులో 200 హైదరాబాద్‌లోనే అని లక్ష్యం పెట్టుకుంది. అది చదివి నాకు నిజంగా సంతోషం వేసింది. కానీ ఆ విధానంలో 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాల్లో కట్టే ఇళ్ళకు ఇది తప్పనిసరి, అంతకన్నా చిన్నవాటికి వాళ్ళ ఇష్టం. 600 గజాల ఇంటివాళ్ళకు ఏసీ ఉంటుంది. అరవై గజాల్లో, రేకుల కింద, పై పోర్షన్‌లో అద్దెకు ఉండేవాళ్ళకే కప్పు చల్లబడాల్సిన అవసరం ఎక్కువ. వాళ్ళ ఇష్టానికి వదిలేస్తే వాళ్ళకు ఇష్టం ఉన్నా చేయలేరు. ఇల్లు వాళ్ళది కాదు, డాబా తాళంచెవి ఓనరు దగ్గర ఉంటుంది.

అందుకని మున్సిపాలిటీలే ఈ పని చేయించాలి. దోమల మందు కొట్టడానికి వీధివీధికీ మనుషులను పంపినట్టే ఫిబ్రవరి, మార్చి నెలల్లో బస్తీల్లో డాబాలకు, రేకులకు సున్నం వేయించండి. మహిళా సంఘాలకు ఆ పని అప్పగిస్తే నాలుగు డబ్బులూ వాళ్ళకే పోతాయి. తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్ళు విడతల వారీగా డబ్బులిచ్చి కట్టిస్తున్నారు. చివరి విడత ఇచ్చే ముందు మరుగుదొడ్డి ఉందా, తలుపులు పెట్టారా అని చూసినట్టే కప్పు తెల్లగా ఉందా అని కూడా చూడండి, దానికయ్యే ఖర్చు ఆ విడతలో కలిపివ్వండి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ కాలనీల్లో వేలాది ఇళ్ళు ఒకే వరసలో, చెట్టు నీడ కూడా లేకుండా లేచాయి. వాటి మీద సున్నం పడితే ఆ ఊరి ట్రాన్స్‌ఫార్మర్ మీద బరువు తగ్గుతుంది. డిస్కం ఇంజినీర్లను అడగండి, వేసవి రాత్రుళ్ళు కాలిపోయే ట్రాన్స్‌ఫార్మర్ల లెక్క వాళ్ళే చెబుతారు. విజయవాడ లాంటి ఊళ్ళలో ఉక్కపోత కాబట్టి కూలరు పెద్దగా పనిచేయదు. అక్కడ కప్పును చల్లబరచడం కన్నా చవకైన మార్గం లేదు.

కప్పు మీద సోలార్ పెట్టించే సూర్యఘర్ పథకం మంచిదే. మూడు కిలోవాట్ల సోలార్ ప్యానెళ్ళకు 78 వేల రూపాయల సబ్సిడీ ఇస్తున్నారు. అది సొంత డాబా ఉన్నవాళ్ళకు, మిగతా డబ్బు పెట్టగలిగినవాళ్ళకు. కప్పు మీద తయారయ్యే యూనిట్‌కు అంత సాయం చేసే ప్రభుత్వం కప్పు కింద మిగిలే యూనిట్‌కు కూడా కొంత పెడితే తప్పేముంది?

చిన్న చిన్నవి మరికొన్ని ఉన్నాయి, త్వరగా చెబుతాను. టీవీని రిమోట్‌తో ఆపినా సెటాప్ బాక్సు తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. పది వాట్లే అనుకున్నా నెలకు ఏడు యూనిట్లు ఎవరూ చూడకుండానే ఖర్చవుతాయి. గోడ దగ్గర స్విచ్ కట్టేయాలి. ఫ్రిజ్ గోడకు ఆనించి పెట్టకూడదు, వెనక గాలి ఆడాలి. ఫ్రిజ్ మీద అంటించే స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. కొనేవాళ్ళకు అన్నిటికన్నా పనికొచ్చే అంకె అదే. కానీ ఆ లేబుల్ మీద తెలుగు ముక్క లేదు. తెలుగులో కూడా వేయించమని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీకి రాయడానికి మీకు ఒక ఉత్తరం చాలు. కందిపప్పు ముందే నానబెట్టి కుక్కర్లో పెడితే గ్యాసు మిగులుతుందని మా ఇళ్ళలో పెద్దవాళ్ళు అందరికీ తెలుసు. అది పోస్టరు మీద వేయకపోయినా ఫర్వాలేదు.

నీళ్ళ గురించి మాత్రం ఒక మాట వేయండి. హైదరాబాద్‌కు కృష్ణా నీళ్ళు నాగార్జునసాగర్ నుంచి, గోదావరి నీళ్ళు ఎల్లంపల్లి నుంచి వస్తాయి. వందకు పైగా కిలోమీటర్ల దూరం, దారి పొడవునా మోటార్లు పెట్టి ఎత్తిపోయాల్సిందే. ఆ నీళ్ళు మళ్ళీ అపార్టుమెంటు సంపులోంచి ట్యాంకులోకి ఎక్కాలి. ట్యాంకు పొంగి డాబా మీద పారుతున్న నీళ్ళలో సాగర్ దగ్గరి నుంచి పెట్టిన కరెంటంతా ఉంది. ట్యాంకు నిండగానే మోటారు ఆగే చిన్న పరికరం అయిదారు వందల రూపాయల్లో వస్తుంది. కొత్త నల్లా కనెక్షన్ ఇచ్చేటప్పుడు అది తప్పనిసరి చేయండి.

ఏసీల సంగతి. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలన్నీ వేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవాలని కేంద్రం నిబంధన పెట్టింది. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుందని ప్రభుత్వమే చెబుతోంది. 26 దగ్గర పెట్టి ఫ్యాను వేసుకుంటే చాలామందికి హాయిగా ఉంటుంది. కానీ పని మీద ప్రభుత్వ కార్యాలయాలకు వచ్చే జనం, బయట వరండాలో చెమటలు కక్కుతూ నిలబడి, లోపల అధికారి గదిలో ఏసీ 18 దగ్గర ఉండటం చూస్తారు. ఆ దృశ్యం ముందు మీ ఫ్లెక్సీ మాట నిలబడదు. మీ గదుల నుంచే 26 మొదలుపెట్టండి, ఆ అంకె బయట బోర్డు మీద రాయండి.

ఇదంతా డిస్కంలకు నష్టం అనుకునేవాళ్ళున్నారని నాకు తెలుసు. యూనిట్లు తగ్గితే రాబడి తగ్గుతుందంటారు. కానీ 2024 మే 30న దేశమంతా కలిపి ఒకేసారి 250 గిగావాట్ల కరెంటు వాడింది. 2025 మార్చిలో తెలంగాణ ఒక్కటే 17 వేల మెగావాట్లు దాటింది. ఆ గంటల్లో మీరు ఎక్స్ఛేంజీలో ఎంత ధరకు కొంటారో మీకే బాగా తెలుసు. ఆ భారమే తర్వాత సర్దుబాటు ఛార్జీల పేరుతో మా బిల్లుల్లోకి వస్తుంది. రాత్రి పదింటికి లక్షల ఇళ్ళలో ఒక్కో ఫ్యాను 45 వాట్లు తక్కువ తీసుకుంటే మీరు అంత ఖరీదైన కరెంటు వెతుక్కోవాల్సిన పని తగ్గుతుంది. థర్మల్ కేంద్రంలో ఒక్క యూనిట్‌కు ఆరేడు వందల గ్రాముల బొగ్గు మండాలి. రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల బూడిద పీల్చి బతుకుతున్నవాళ్ళు ఉన్నారు. మా ఇంట్లో మిగిలే యూనిట్ వాళ్ళ ఊపిరికి కూడా సంబంధించినది.

డిస్కంలు తమ ఆదాయ అవసరాల నివేదికలు నవంబరు చివరికల్లా మండళ్ళకు సమర్పించాలి. ఆ తర్వాత మండళ్ళు బహిరంగ విచారణలు జరుపుతాయి. ఏప్రిల్ 1 నుంచి కొత్త టారిఫ్ వస్తుంది. ఈసారి ఆ నివేదికల్లో సున్నా బిల్లు ఇళ్ళకు ఫ్యాన్ల మార్పిడికి ఎంత కేటాయిస్తున్నారో ఒక పద్దు ఉండాలి. శ్లాబు హెచ్చరిక మెసేజీ, బిల్లు మీద తెలుగు వాక్యం ఏ నెల నుంచి మొదలవుతాయో తేదీ ఉండాలి. కూల్ రూఫ్ విధానం కింద ఇప్పటిదాకా ఎన్ని చదరపు కిలోమీటర్లు పూర్తయ్యాయో తెలంగాణ ప్రభుత్వం వార్డుల వారీగా ప్రకటించాలి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన కాలనీలకు అలాంటి లక్ష్యం పెట్టుకోవాలి. విచారణకు మా వీధి నుంచి మేం కొందరం వస్తాం. మెట్ల కింద మీటరు చూసుకునే ఆవిడ కూడా తన బిల్లులు పట్టుకుని వస్తానన్నారు. ఆవిడ చెప్పేది తెలుగులో విని, తెలుగులో సమాధానం చెప్పండి.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక గృహ విద్యుత్ వినియోగదారు